డెస్ కూలరు, బావమరిది సాయం

షెపర్టన్‌లో కారు సామాన్ల కొట్టు నడిపే డెస్ ఏ పనినైనా లాభమా నష్టమా అని తూచకుండా మొదలుపెట్టే మనిషి కాదు. అక్కడ జులై చలికాలం, జనవరి ఎండాకాలం. ఆ జులై శనివారం పొద్దున, రేస్ ట్రాక్ పక్క గడ్డి మీద మంచు ఇంకా తెల్లగా ఉండగానే అతని లెక్క సిద్ధమైపోయింది. తన ఎర్ర కారుకి కొట్లో అమ్మే ఆయిల్ కూలరే బిగించాడు. కార్ల క్లబ్బు పెద్ద మ్యూరియల్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని ట్రాక్ మీద తిప్పుతాడు. కారు ఎంత ఉరికినా ఆయిల్ వేడి చూపించే మీటరు ముల్లు పైకి పోదు. ఆవిడ తలూపుతుంది. ఆవిడ తలూపితే క్లబ్బులో కార్లన్నిటికీ కూలర్లు డెస్ కొట్టు నుంచే వెళతాయి. ఊపకపోతే, ధీమా కొద్దీ ముందే తెప్పించిన కూలర్లతో కొట్టు వెనక గది తలుపు కూడా మూసుకోదు.

చలికాలంలో ఇంకో చిక్కుంది. ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు ఇంజన్ని ఉరికించకూడదు. అందుకని కారు మూతి దగ్గరుండే కూలర్‌కి గాలి తగలకుండా టేపు అంటించి, ఆయిల్ వెచ్చబడ్డాక పీకేస్తారు. ఆ పని బావమరిది నోయెల్‌కి అప్పజెప్పాడు.

"బాగా విను. ఇంజన్లో పుట్టిన వేడి ఆయిల్లోకి ఎక్కుతుంది. ఆయిల్లో వేడిని ఈ కూలర్ బయటికి కక్కుతుంది. దీని ముందు చెయ్యి పెడితే పొయ్యి ముందు పెట్టినట్టే. తెలిసిందా?"

"తెలిసింది బావా. నిన్న అన్నం దగ్గర అక్కకి కూడా ఇదే చెప్పావు. పాపం, ఆవిడ లేచి వెళ్ళిపోయింది."

మ్యూరియల్ గారు ఉన్ని టోపీ, బొంతలాంటి కోటు వేసుకుని వచ్చారు. సీటు పట్టీలన్నీ బిగించుకుని, మీటరు మీద చూపు పెట్టి కూర్చున్నారు. నోయెల్ టేపు పీకాడు. డెస్ కారుని గట్టిగానే ఉరికించాడు. ముల్లు తొంభై అయిదు దగ్గర కుదురుగా నిలబడింది.

"ఎలా ఉంది?" అన్నాడు, ట్రాక్ పక్కన కార్లు నిలిపే పిట్‌లోకి వచ్చి ఆపాక.

"బాగానే ఉంది. మా రెండో ఆయన కూడా మొదట్లో బాగానే ఉన్నాడు. టీ తాగి వచ్చి ఇంకోసారి చూద్దాం."

టీ తాగి వచ్చేసరికి నోయెల్ బానెట్ మీద మోచేతులు ఆనించి నిలబడి ఉన్నాడు.

"మళ్ళీ టేపు అంటించలేదుగా?" అని అడిగాడు డెస్, ఎందుకైనా మంచిదని.

"ఎందుకు అంటిస్తాను బావా? ఒక్క ముక్క కూడా లేదు."

రెండోసారి మొదటి చుట్టు తిరక్కుండానే ముల్లు కదిలింది. "నూట అయిదు," అన్నారు మ్యూరియల్ గారు. తర్వాత "నూట పదిహేను." ఆవిడ తంబోలా అంకెలు చదివినట్టు చదువుతున్నారు. మెల్లగా పోతే ఓటమి ఒప్పుకున్నట్టు. అందుకని ఇంజను వేడి కొంత లోపలికి లాగేద్దామని హీటర్ పూర్తిగా తిప్పాడు.

"అదేమిటి, చలేస్తోందా నీకు?"

"మీకు వేస్తుందేమోనని."

"నేను కోటు వేసుకున్నాను నాయనా!"

ఆవిడ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కోటు తీయడానికి పట్టీలు అడ్డం. కాసేపటికి కళ్ళద్దాలకి ఆవిరి పట్టి అంకెలు చదవడం ఆగిపోయింది. డెస్‌కి ఇదీ లాభమే అనిపించింది. ఆవిడ మఫ్లరుతో అద్దాలు తుడుచుకుని, "నూట ముప్ఫై!" అని అరిచారు.

ఇక లాభం లేదనుకుని వేగం తగ్గించాడు. అదే కొంప ముంచింది. అంతదాకా గాలికి వెనక్కి కొట్టుకుపోయిన పొగ ఇప్పుడు బానెట్ సందుల్లోంచి తీరిగ్గా పైకి లేచింది. వెనక ట్రాక్ మీద గోధుమరంగు చుక్కలు. వెనక కారువాడు ఆయిల్ కారుతోందనుకుని చెయ్యి ఊపాడు. అది చూసి ట్రాక్ కాపలా కాసే జెండాలవాళ్ళు అందర్నీ ఆపమని నల్లజెండా ఎత్తారు. కార్లన్నీ ఆగిపోయాయి. చొక్కా మీద చొక్కా వేసుకున్న ఇద్దరు మనుషులు ఆయిల్ పీల్చే పొడి బస్తా మోసుకొచ్చి చుక్కల మీద చల్లడం మొదలుపెట్టారు.

"ఒక్కడి కారు కోసం అందరి పొద్దూ పోయింది," అని ఎవరో గొణిగారు. "వీడి కూలరా మనం కొనేది?" అన్నారు ఇంకెవరో, డెస్‌కి వినపడేలాగే.

జెండాలవాళ్ళలో పెద్దాయన ఒక చుక్కని వేలితో తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఇందులో మిరియాలున్నాయే," అన్నాడు.

డెస్ పిట్‌లో కారు మూతి విప్పాడు. కూలర్ ముందు, సందు లేకుండా, వెండి కాగితంలో చుట్టిన, మాంసం కూరిన మీట్ పైలు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. రెండు పగిలి వాటి గ్రేవీ పొగగొట్టం మీదికి కారుతోంది.

"నోయెల్!"

"పొయ్యిలాంటిదన్నావుగా బావా! మధ్యాహ్నానికి వెచ్చబడతాయని పెట్టాను. నీకూ ఒకటి ఉంది."

చుట్టూ జనం మూగారు. మ్యూరియల్ గారు కోటు విప్పి చేత్తో పట్టుకుని, ఎర్రబడ్డ ముఖంతో నిలబడ్డారు. సరుకు పరువు పోయినప్పుడు బేరగాడు చేయకూడని పని ఒకటే, క్షమాపణ. డెస్ గొంతు సవరించుకున్నాడు.

"మ్యూరియల్ గారూ, మొదటిసారి ముల్లు ఎంత దగ్గరుంది?"

"తొంభై అయిదు."

"రెండోసారి?"

"నూట ముప్ఫై. నేను ఉడికిపోయాను కూడా."

"కారు అదే. తోలింది నేనే. ట్రాకూ ఇదే. కూలర్‌కి గాలి ఆడితే అంత, ఆడకపోతే ఇంత. ఏ కొట్టువాడైనా కూలర్ పనిచేస్తుంటే చూపిస్తాడు. అది పనిచేయకపోతే ఏమవుతుందో సొంత ఇంజన్ మీద చూపించేవాణ్ణి మీరెక్కడైనా చూశారా?"

గొణిగినవాడు మీటరులోకి తొంగి చూసి వచ్చాడు.

"అయితే ఇదంతా కావాలనే చేశావా?" అన్నారు మ్యూరియల్ గారు.

"మా బావమరిది ఊరికే ఏదీ చేయడండీ."

"నేనా?" అన్నాడు నోయెల్.

"నువ్వు నోరు మూసుకుని నీ మీట్ పై తిను."

మ్యూరియల్ గారు వంగి కూలర్ వంక చూశారు. చివరికి తలూపారు. "కార్లన్నిటికీ బిగించు. జనవరి ఎండల్లో హీటర్ వేసుకుని తిరగడం నావల్ల కాదు. వచ్చే శనివారం బెండిగో ఊరి క్లబ్బు వాళ్ళు వస్తున్నారు, నోటితో చెబితే నమ్మరు. ముందొకసారి తెరిచి, తర్వాత మూసి, అచ్చం ఇలాగే చూపించు. నేను మాత్రం బయట నిలబడి చూస్తాను."

ఆ శనివారం బయల్దేరే ముందు డెస్ చేసిన ఏర్పాటు ఒక్కటే: ఆకలేస్తే మీట్ పైలు తనే తెచ్చుకుంటాడని, బావమరిదికి ఇంట్లో ఎవరూ తినడానికి ఏమీ పెట్టకుండా చూసుకున్నాడు.