శనగపిండి ఉండల కూర

ఆదివారం పొద్దున్నే తారాబాయి కూతురు అనసూర్యను వెంటబెట్టుకుని నస్పూరు అంగడికి బయలుదేరింది. పోయి రావడానికి రెండున్నర గంటలు పడుతుంది. ఆ రెండున్నర గంటల్లో కూర వండి, తిని, గిన్నె తోమి బోర్లించి, పడక కుర్చీలో విఠోబా పాటల అభంగాల పుస్తకం పట్టుకుని కూర్చోవాలని ఆమె భర్త హనుమండ్లు నాలుగు రోజులుగా పథకం వేసుకుంటున్నాడు. పథకంలో లోపమేమీ లేదు. కూర మాంసం కూర కావడం ఒక్కటే చిక్కు.

హనుమండ్లు శ్రీరాంపూర్ బొగ్గుబావి ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఉర్దూ నడిచిన పాత రాష్ట్రం పోయి ఎనిమిదేళ్లయినా ఇప్పటికీ ఉర్దూలోనే సంతకం చేస్తాడు. కిందటి ఆషాఢంలో అత్తగారి వాళ్లతో పండరిపురం పోయి, ఆ తోపులాటలో అందరితోపాటు తానూ మెడలో తులసిమాల వేయించుకున్నాడు. వేయించుకున్నాక మాంసం ముట్టరాదన్న సంగతి తిరుగు రైలులో గుర్తొచ్చింది. కానీ ఇల్లు చేరేసరికి క్వార్టర్ల లైనులో జనం ఎదురొచ్చి కాళ్లు మొక్కారు. మొక్కించుకోవడంలో ఉన్న రుచి మాంసంలో కూడా లేదనిపించింది. ఏడు నెలలు గడిచాక మాత్రం రెండూ సమానమే అనిపించసాగింది.

ఈ ఏడు నెలల్లో అతను తాను మానడంతో ఆగలేదు, లైను మొత్తం చేత మాన్పించాడు. ఏ ఇంట్లో నీచు వాసన వచ్చినా ఆ ఇంటివాళ్లు ఏకాదశి భజనలో విఠోబా పటం ముందు చెవులు పట్టుకుని పది గుంజీలు తీయాలని కట్టడి పెట్టాడు. ఆ కట్టడికి మొదట దొరికింది గోడ అవతలి యాదవ్వ. పాపం, నాలుగు ఎండుచేపలు కాల్చుకుంది. నలభై మంది ముందు పది గుంజీలూ తీసింది.

అంతటితో పోయినా బాగుండేది. యాదవ్వ తమ్ముడు మొగిలి సర్వే సెక్షన్‌లో పనిచేస్తాడు, అక్క దగ్గరే ఉంటాడు. అతనికి, అనసూర్యకు పెళ్లి మాటలు అప్పటికే నడుస్తున్నాయి. కులం కలిసింది, జాతకం కలిసింది, పిల్లల మనసులు అన్నిటికన్నా ముందే కలిశాయి. అడ్డం వచ్చినవి ఆ నాలుగు ఎండుచేపలే. "నీచు తినే ఇంటికి పిల్లనియ్య" అని హనుమండ్లు తేల్చేశాడు. ధర్మపురి నుంచి మూడు తరాలుగా మాల వేసుకున్న సంబంధం ఒకటి మంగళవారం చూడవస్తున్నది. నెల రోజులుగా అనసూర్య తండ్రికి వేళకు అన్నం పెడుతున్నది, నీళ్లు ఇస్తున్నది. 'బాపూ' అని పిలవడం మాత్రం మానేసింది.

తారాబాయి మలుపు తిరిగిందో లేదో, ఆఫీసు జవాను ఇస్తారి ఫైళ్ల సంచీ చంకన పెట్టుకుని వచ్చాడు. సంచీలో మోదుగాకులో చుట్టిన అరకిలో మెత్తటి మాంసం ఉంది.

"బొక్కలు లెవ్వు గదా?" అన్నాడు హనుమండ్లు గొంతు తగ్గించి.

"ఒక్కటి లేదు సారూ. బొక్క ఉంటే కుక్క ఎత్తుకపోయి నడి బజార్ల పెడ్తది. గందుకే కోఫ్తాలు చేసుకోమన్న."

ఇస్తారి తమ్ముడు గెస్టుహౌసులో వంటవాడు. అందువల్ల ఇస్తారికి కూడా వంట వచ్చునని ఇస్తారి నమ్మకం.

"మాంసం మెత్తగ దంచుండ్రి. ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిరపకాయ ఏసి మళ్ల దంచుండ్రి. పుట్నాల పిండి గింత కలిపి నిమ్మకాయంత ఉండలు చేసుడు. టమాటలు ఉడకబెట్టి పిసికి, ఆ పులుసు మసులుతుంటే ఒక్కొక్క ఉండ ఇడుసుడు. గంటె పెట్టి తిప్పద్దు, పలుగుతయి. గిన్నె పట్టుకొని జర కుదపాలె, గంతే. సూసెటోనికి టమాట కూర. తినెటోనికే తెలుస్తది."

"ఉండలేందని ఎవరన్న అడిగితే?"

"శనగపిండియని చెప్పుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి సారూ, ముందర దర్వాజ కాడ నేనుంట."

ఇస్తారి బీడీ ముట్టించి ముందు గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. హనుమండ్లు బొగ్గుల పొయ్యి మీద టమాటలు పెట్టి, వెనక వాకిట్లో రోలు కడిగి, జీవితంలో మొదటిసారి రోకలి ఎత్తాడు. రోలు ధప్, ధప్ మంది. పది పోట్లకే భుజం నొప్పి పుట్టింది. ఇరవై పోట్లకు అల్లం వాసన, ఎల్లిగడ్డ వాసన కలిసి ముక్కుకు తగిలి, నొప్పి సంగతి మరచిపోయాడు. నోట్లో ఊరిన నీళ్లు మింగుకుంటూ దంచుతుండగా గోడ మీద ఒక తల లేచింది.

"ఏం దంచుతుండ్రు సారూ?"

యాదవ్వ. హనుమండ్లు ఒంటి మీది కండువా లాగి రోటి మీద కప్పాడు. కారమందామంటే తుమ్ములు రావడం లేదు. పిండి అందామంటే ఏం పండుగ అని అడుగుతుంది.

"పసుపు," అన్నాడు.

"పసుపా?" యాదవ్వ గోడ మీద రెండు మోచేతులూ ఆనించింది. "మాఘమాసంల, గింత పొద్దుగాల, ఇంటి రోట్లె పసుపు దంచుతుండ్రంటే... అనసూర్య పెండ్లి కుదిరిందా ఏంది?"

కాదంటే సరిపోయేది. కానీ కాదంటే, మరి పసుపెందుకు దంచుతున్నట్టో చెప్పాలి.

"ఆఁ... అట్లనే అనుకో."

"అనుకుంట తియ్యుండ్రి. కని మగోడు రోకలి పట్టుడేంది? పిల్లకు అరిష్టం గాదా? ఐదుగురు ముత్తైదులు దంచాలె. జర ఆగుండ్రి." ఆమె వెనక్కి తిరిగి లైనంతా వినబడేటట్టు కేక పెట్టింది. "ఓ శంకరవ్వా! సారింట్ల పెండ్లి వడ్డది! ఆడోళ్లు లేక పాపం సారొక్కడే పసుపు దంచుతుండు! రోకండ్లు పట్టుకొని రాండ్రి!"

తరువాతి కొద్ది నిమిషాల్లో హనుమండ్లు చేసిన పని ఆఫీసులో ఏడాదంతా చేయలేదు. మాంసమంతా తీసుకుపోయి, పుట్నాల పిండి కలిపి, ఇరవై రెండు ఉండలు చేసి పులుసులో వదిలి, మూతపెట్టి, రోలు రెండుసార్లు కడిగాడు. వెనక తలుపు తోసుకుని ఐదుగురు ఆడవాళ్లు రోకళ్లకు మామిడి కొమ్మలు కట్టుకుని లోపలికి వచ్చారు. హనుమండ్లు ముందు గుమ్మం వైపు చూశాడు. బీడీ ఇంకా పొగ చిమ్ముతున్నది. ఇస్తారి లేడు.

"రోలెందుకు ఎర్రగున్నది?" అన్నది శంకరవ్వ. లైనులో అందరికన్నా పెద్దది, మంత్రసాని.

"టమాటలు," అన్నాడు హనుమండ్లు.

"పసుపు దంచే రోట్లె టమాటలా? గీ మగోళ్లతోని..." అని ఆమె మూడోసారి రోలు కడిగి బొట్లు పెట్టింది. "ఏది, పసుపు తేండ్రి."

డబ్బాలో వెతికితే ఏడు కొమ్ములు దొరికాయి. పెళ్లికి ఏడు కొమ్ములేనా అని ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. వెంటనే శంకరవ్వ ఇంటి నుంచి సేరు కొమ్ములు వచ్చాయి. రోకళ్లు లేచాయి, సువ్వాల పాట లేచింది. రోలు ఖణేల్, ఖణేల్మని మోగింది.

దాంతోపాటు వంటింట్లోంచి కూర వాసన కూడా లేచింది. హనుమండ్లు విఠోబా పటం ముందున్న ఊదుబత్తీల కట్ట మొత్తం ఒక్కసారి వెలిగించి తెచ్చి వంటింటి గుమ్మంలో గుచ్చాడు. పొగకు శంకరవ్వ దగ్గింది. "ఎంత భక్తి, సారు!" అన్నది కళ్లు తుడుచుకుంటూ.

యాదవ్వ రోకలి పక్కవాళ్లకిచ్చి లేచి నిలబడింది.

"పిల్లగాడు ఎవరు సారూ?"

"ధర్మపురి..."

"వాళ్లు సూడవచ్చేది మంగళవారం గదా? సూడకముందే పసుపు దంచుతరా ఎవరన్న?" ఆమె వంటింటి వైపు ఒక అడుగు వేసింది. "పోనీ, పేరు చెప్పకుంటె పాయె. పసుపు ఎత్తను గిన్నె తెచ్చుకుంట."

"గిన్నె నేను తెస్త!"

"మీకెందుకు కష్టం?" ఇంకో అడుగు. "ఏదో మంచి వాసనస్తుంది."

ఆమె కాలు గడప మీద పడింది. చెయ్యి తలుపు మీదికి పోయింది.

"మొగిలి!" అన్నాడు హనుమండ్లు. "మీ మొగిలే!"

పాట ఆగింది. రోకళ్లు గాలిలోనే ఆగాయి. యాదవ్వ మాత్రం కాలు తీయలేదు.

"మా మొగిలా? ఎప్పుడు పెడ్తరు లగ్గం?"

"ఫాల్గుణంల చూద్దాం."

"మాఘం చేతుల ఉండంగ ఫాల్గుణమెందుకు?" ఆమె వేళ్లు తలుపు గొళ్లెం మీద ఉన్నాయి.

"మాఘంలనే! ఈ మాఘంలనే!"

యాదవ్వ కాలు వెనక్కి తీసుకుంది. వచ్చి రోకలి అందుకుని అందరికన్నా గట్టిగా దంచింది.

సరిగ్గా అప్పుడే తారాబాయి, అనసూర్య అంగడి బుట్టలతో వచ్చారు. "అగ బాయీ! అహో, ఇదేంది?" అన్నది తారాబాయి. ఆదిలాబాదు వైపు పిల్ల కావడంతో ఆశ్చర్యం వేస్తే ఆమె నోట మరాఠీయే వస్తుంది. జవాబు చెప్పకుండానే శంకరవ్వ ఆమె రెండు చెంపలకూ పసుపు పూసింది. "బిడ్డను మొగిలికిస్తుండట నీ మొగడు. నీకు చెప్పలేదా? గిసోంటి మంచి ముచ్చట దాస్తరా?"

తారాబాయి భర్తను చూసింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఎవరూ అడగకుండా అతను ఒక మంచి పని చేయడం ఆమె చూడలేదు. అందుకే నమ్మలేక, అడగడానికి ఇష్టం లేక, కొంగుతో కళ్లొత్తుకుంది.

అనసూర్య బుట్ట అక్కడే వదిలి, సిగ్గుతో వంటింట్లోకి పరుగెత్తింది.

లోపల మూత తీసిన చప్పుడు వినిపించింది. గిన్నెకు గంటె తగిలిన చప్పుడైంది. మళ్లీ మూత పెట్టిన చప్పుడైంది. ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడి, తండ్రి మెడలోని మాల కేసి, ఆ తరువాత తండ్రి ముఖం కేసి చూసింది.

"బాపూ," అన్నది. "టమాట కూర అడుగంటుతున్నది. దించిన."

అంతే అన్నది. నెల రోజుల తరువాత విన్న ఆ పిలుపుకు హనుమండ్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊదుబత్తీల పొగని అందరూ అనుకున్నారు.

కబురు లైనంతా పాకి, భజన మండలి మగవాళ్లు నలుగురు మద్దెలతో సహా వచ్చారు. మద్దెల వాయించే లచ్చయ్య గుంజీలు లెక్కపెట్టే పెద్దమనిషి కూడా. పసుపు దంచిన ముత్తైదువలు ఎంగిలి పడకుండా పోకూడదని శంకరవ్వ శాస్త్రం చెప్పింది.

"అన్నం మేం తెస్తం," అన్నది యాదవ్వ. "కూర ఎట్ల ఉండనే ఉన్నది. ఏం కూర సారూ?"

"శనగపిండి ఉండలు," అన్నాడు హనుమండ్లు.

"అయితే ఇంకేంది, మాల వేసుకున్నోళ్లకు గూడ నడుస్తది," అని ఆమె విస్తళ్లు పరిచింది.

అనసూర్య వడ్డించింది. పుట్టి నీచు ముట్టని తల్లి విస్తరి దగ్గరికి రాగానే, "అవ్వకు ఆదివారం ఉపాసం" అని రెండు అరటిపండ్లు పెట్టి ముందుకు పోయింది. తనకు ఆదివారం ఉపవాసమని తారాబాయికే తెలియదు. కూతురి ముఖం చూసి ఏమీ అడగకుండా పండు ఒలుచుకుంది.

మొదటి ముద్ద అందరి నోళ్లలోకీ పోయింది. లచ్చయ్య దవడ ఒకసారి ఆగింది. కళ్లు మూసుకున్నాడు. హనుమండ్లు చేయి తనకు తెలియకుండానే మాల మీదికి పోయింది. ఉమ్మేస్తే తెలిసిందని ఒప్పుకున్నట్టు. మింగితే తెలియనట్టు. లచ్చయ్య మింగాడు. అందరూ మింగారు.

"శనగపిండి మంచిగ ఉడికింది సారూ," అన్నాడు లచ్చయ్య. "ఇంకొక ఉండ ఉన్నదా?"

"గిసోంటి శనగపిండి తిని ఏడు నెలలాయె," అన్నది శంకరవ్వ. అని నాలిక కరుచుకుంది. ఎవరూ వినలేదు. వినకూడదని అందరికీ తెలుసు.

హనుమండ్లు వంతు వచ్చేసరికి గిన్నెలో ఉండలు లేవు. అనసూర్య గంటెతో గీకి రెండు చెంచాల ఎర్రటి పులుసు అన్నం మీద వేసింది. అది వాసన చూసుకుంటూ తిన్నాడు.

అందరూ వెళ్లాక యాదవ్వ రోకలి భుజాన వేసుకుని వెనక తలుపు దగ్గర ఆగింది.

"సారూ, ఒక్క మాట. పసుపు కొమ్ము దంచితే రోలు ఖణేల్మంటది. మెత్తటిది దంచితే ధప్ ధప్ మంటది. పన్నెండు పెండ్లిండ్లకు పసుపు దంచిన, నాకు తెల్వదా?" ఆమె తన చెవి ఒకటి పట్టుకుని చూపించింది. "మీరు నలభై మందిల నాతోని పట్టించిన చెవులే ఇవి. మంచిగ పనిజేస్తయి."

హనుమండ్లు తన చెవులు తడుముకున్నాడు.

"పరేషాన్ గాకుండ్రి. నా నోట్లెకెల్లి రాదు. ఇగ మీరు సారు గాదు, మా సుట్టం," అన్నది యాదవ్వ. "సుట్టాలింట్ల ఏం వండుకుంటరో బయట చెప్పుకుంటమా?"

ధర్మపురి వాళ్లకు రావద్దని కార్డు పోయింది. మాఘం చివరి లగ్గానికి మొగిలి అనసూర్య మెడలో తాళి కట్టాడు. గుంజీల కట్టడిని రద్దు చేస్తున్నట్టు ఎవరూ ప్రకటించలేదు. మరుసటి ఏకాదశికి లచ్చయ్య దాని సంగతి మరచిపోయాడు, గుర్తుచేయడం మిగతావాళ్లు మరచిపోయారు. అప్పటి నుంచి ఆ లైనులో ప్రతి ఆదివారం ప్రతి ఇంట్లో శనగపిండి ఉండల కూరే.

నస్పూరు దుకాణంలో శనగపిండి అమ్మకం మాత్రం గింజంత కూడా పెరగలేదు.