పెద్దాయన కాలం చేశారు

ఆ రోజుకి మోడరేటరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. సాయంత్రం దాకా ఎవరూ ఎవరినీ తిట్టుకోకుండా చూడాలి. అంతే.

ఆమె ఒక ప్రింటర్ల కంపెనీ నడిపే ఫోరంకి కాపలా. ప్రింటరు మొరాయించినవాళ్ళు అక్కడ ప్రశ్న రాస్తారు. తెలిసినవాళ్ళు జవాబు రాస్తారు, తెలియనివాళ్ళు ఇంకా పొడుగ్గా రాస్తారు. మాట తూలినవాళ్ళను మందలించడం, గొడవ ముదిరితే తాళం వేయడం ఆమె పని. భోజనాల బల్ల మీద ఒక మూల ఆమె ఆఫీసు. వెనక ఉద్యోగం చేసిన చోటు మూతపడ్డాక చాలాకాలం ఇంట్లోనే ఉండిపోయి, ఈ వయసులో ఇక ఎవరు పిలుస్తారని ఆశ వదులుకున్నాక దొరికిన పని ఇది. జీతం మాట అలా ఉంచితే, ఈ పనిలో చేరాకే ఇంట్లోవాళ్ళు ఆమెకు ఏదైనా చెప్పే ముందు "ఖాళీగా ఉన్నావా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎంత మర్యాదనైనా భరించగలదు.

ప్రొబేషన్ ముగుస్తోంది, ఉంచుతారో పంపుతారో ఆ రోజే తేలుతుంది. "రేపు సాయంత్రం మెయిల్ పంపిస్తామమ్మా, దయచేసి చూసుకోగలరు" అన్నాడు సూపర్‌వైజరు. ఆయనెప్పుడూ ఆసుపత్రి వరండాలో నిలబడి మాట్లాడుతున్నట్టే మాట్లాడతాడు. "ఫోరంలో భాష మాత్రం బాగాలేదమ్మా. 'మీ ప్రింటరు చచ్చింది' అని రాస్తున్నారు. నలుగురూ చూసేచోట మన ప్రింటరు చావడమేంటమ్మా?"

అందుకని ఆమె ముందురోజే మాటలకు ఒక ఫిల్టర్ పెట్టింది. ఎవరైనా మోటుమాట రాస్తే దాని చోట మర్యాదైన మాట దానంతటదే పడుతుంది. "బుర్ర లేదా" అని రాస్తే "మరొక్కసారి ఆలోచించగలరు" అని కనిపిస్తుంది. "చచ్చింది" కాస్తా "ఆగిపోయింది" అవుతుంది. ఒక మాటను పట్టుకుని దాని జంటను వదిలేస్తే నిద్రపట్టని మనిషి కాబట్టి "చచ్చాడు" కూడా ఎక్కించింది. దానికి బదులేం పెట్టాలో తోచక మామగారిని అడిగింది.

"మామయ్యగారూ, చచ్చాడు అనే మాటని మర్యాదగా ఏమంటారండీ?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నవాడల్లా ఆగి కోడలి వంక అనుమానంగా చూశాడు. "ఎవరి గురించి?"

"ఎవరి గురించీ కాదండీ. ఉద్యోగం పని."

"కాలం చేశారు అంటారు. నా గురించే అయితే తొందరేం లేదు" అని లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

పొద్దున ఫోరం ఇలా తెరిచిందో లేదో, మొగుడు కాలేజీ నుంచి ఫోన్ చేశాడు. అతను అక్కడ పరీక్షల విభాగంలో గుమాస్తా.

"మా పెద్దాయన మళ్ళీ పడుకున్నాడు. రేపు హాల్‌టికెట్లు ఇవ్వాలి. ఏం చేయాలో చెప్పు."

పెద్దాయన అంటే ఆ విభాగంలో కిటికీ పక్కన ఉండే పాత ప్రింటరు. అక్కడ పనిచేసే అందరికంటే సర్వీసు ఎక్కువ కాబట్టి ఆ పేరు వచ్చింది.

"నాకు ఫోన్ చేయకండి. సొంతవాళ్ళ పని ముందు చూసిందని తెలిస్తే ఈ పూటే సాగనంపుతారు. అందరిలాగే ఫోరంలో రాయండి."

"మొగుడు కూడా క్యూలో నిలబడాలా?"

"మొగుడైతే క్యూలో చివర. అసలు పేరు, ఫోటో పెట్టాలి, అది రూలు." ఫోన్ పెట్టేసి, బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్ళింది. మబ్బు పట్టి ఉంది. ఆరతాయన్న నమ్మకం లేకుండానే ఆరేసింది.

మొగుడు రూలు ప్రకారమే చేశాడు. ఫోన్‌లో తను కాస్త బాగా పడిన ఫోటో ఒకటే ఉంది, తండ్రి భుజం మీద చేయి వేసి దిగినది. అది పెట్టాడు. ఆఫీసులో మాట్లాడుకునే ధోరణిలోనే ప్రశ్న రాశాడు. ఫిల్టర్ దాన్ని ఒక్కచోటే దిద్దింది.

"మా పెద్దాయన పొద్దున కాలం చేశారు. నిన్నటి నుంచి ఒకటే గురక. తల తీసి స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పెట్టాం. రెండు తన్నులు కూడా తన్నాం. లాభం లేదు. రేపటికల్లా ఏదో ఒకటి చేయాలి. సలహా ఇవ్వండి."

ఫోరంలో ప్రశ్న చదివి రాసేవాళ్ళకంటే పై జవాబు చదివి రాసేవాళ్ళు ఎక్కువ. మొదటి మనిషి ఫోటో చూసి "మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి" అన్నాడు. ఆ కింద అందరూ అదే అన్నారు. మధ్యలో ఒకావిడకు మాత్రం సందేహం వచ్చింది. "తల తీయడమేంటండీ? పోస్ట్‌మార్టమా? తన్నడం దేనికి?" అంది. "బాధలో మనిషి ఏదో రాస్తాడు. ఇప్పుడా అడగడం?" అని ఆమెను నలుగురు చీవాట్లు పెట్టారు, మర్యాదగానే.

అప్పుడు వచ్చాడు స్క్రూడ్రైవర్. ఫోరంలో అతని పేరు అదే. రిపేర్లు చేసుకునే మనిషి, నోరు మంచిది కాదు. "పాత సరుకు. అడుగున స్పాంజి నిండిపోయుంటుంది, పిండి పెట్టు. అప్పటికీ లేవకపోతే బయట పారేసి కొత్తది తెచ్చుకో" అని రాశాడు.

ఫోరం భగ్గుమంది. మూడు ఫిర్యాదులు పడితే ఎవరి ఖాతాకైనా దానంతటదే తాళం పడుతుంది. స్క్రూడ్రైవర్‌కు పడింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు అతనొక్కడే.

బాల్కనీ నుంచి వచ్చి తెర చూసిన మోడరేటరు తడి చేతులతోనే కుర్చీలో కూలబడింది. గబగబా టైపు చేసింది: "మీరంతా పొరబడ్డారు. చచ్చాడు అన్నది ప్రింటరు గురించి." తెర మీద మాత్రం ఇలా పడింది: "మీరంతా పొరబడ్డారు. కాలం చేశారు అన్నది ప్రింటరు గురించి."

"అవతల కన్నకొడుకు ఏడుస్తుంటే మీకు ప్రింటరు గోలా?" అన్నారొకరు. "ఈమె మోడరేటరట!" అన్నారింకొకరు. మూడో ఫిర్యాదు కూడా పడింది. ఫిల్టర్ తీసేద్దామని ఆమె నొక్కబోయేసరికి తెర బూడిద రంగుకు తిరిగింది. "మీ భాష మెరుగుపడే వరకు దయచేసి వేచి ఉండగలరు" అన్న వాక్యం వచ్చింది. ఆ వాక్యం ఆమె రాసిందే.

అంతలో తలుపు గంట మోగింది. మామగారు వెళ్ళి తీశాడు. గుమ్మంలో ఆయన తమ్ముడి కొడుకు, చేతిలో తెల్లపూలతో నిలబడి ఉన్నాడు. అతను పనిచేసే కొరియర్ ఆఫీసులోనూ ఆ కంపెనీ ప్రింటరే ఉంది. ఫోరంలో అన్నయ్య ఫోటో చూసి, చుట్టాలందరికీ కబురు చేసి మరీ వచ్చాడు.

"ఎవరికిరా పూలు?"

అతను పూల వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశాడు. "మీకే పెదనాన్నా."

"నాకెందుకు?"

"మీరు... బాగున్నారా?"

"బాగుంటే పూలిస్తారా?"

ఈలోగా ఆయన చెల్లెలు ఫోన్ చేసింది. ఎత్తింది ఆయనే. "అన్నయ్య పోతూ పోతూ నా గురించి ఏమైనా అన్నాడా?" అంది ఏడుస్తూ.

"ఏమీ అనలేదు."

"ఎవరండీ మాట్లాడేది?"

"నేనేనే. పోయినవాణ్ణి."

అన్న బతికే ఉన్నాడని తెలిశాక కూడా ఆమె ఏడుపు ఆగలేదు. కారణం మాత్రం మారింది.

మధ్యాహ్నానికి మొగుడు ఇంటికొచ్చేశాడు. "ఎవరో ఫోరం చూపించారట, ప్రిన్సిపాల్ సెలవిచ్చి పంపేశాడు. మా నాన్న బతికే ఉన్నాడండీ అని చెబుతూనే ఉన్నా. భుజం తట్టి, 'మొదట్లో ఎవరికీ నమ్మబుద్ధి కాదు' అన్నాడు."

"మరి హాల్‌టికెట్లు?"

"బయట షాపులో వేయిస్తున్నారు. అంతా నీ ఫిల్టర్ వల్ల."

"నేను పెట్టింది ప్రింటర్లు వాడేవాళ్ళకి. ప్రింటరుకి బారసాల చేసేవాళ్ళకి కాదు."

మామగారు కొడుకు ఫోన్ తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. తన మీద వచ్చిన సంతాపాలన్నీ ఒక్కొక్కటే చదివాడు. తీరని లోటు. మంచి మనిషి. ఆదర్శం. చివరికంటా చదివి ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెలియనివాళ్ళు సరే, మన చుట్టాలు కూడా ఇంతేనేంట్రా. ఫలానా రోజు ఫలానా పని చేశాడని ఒక్కడూ రాయలేదు. పేరు మార్చి ఎవరికైనా పంపుకోవచ్చు."

గదిలో చీకటి పడుతున్నా లైటు వేయడానికి ఎవరూ లేవలేదు. బాల్కనీలో బట్టలు ఆరనే లేదు.

మోడరేటరు వంటగదిలోకి వెళ్ళి సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది. ఫిల్టర్, పెద్దాయన, ఫిర్యాదులు, తన ఖాతాకు పడిన తాళం, ఏదీ దాచకుండా చెప్పేసింది. "ఇంకెప్పుడూ ఇలా జరగదు సార్. ఈ ఒక్కసారికి చూడండి. నాకు ఈ ఉద్యోగం చాలా అవసరం."

ఆయన అంతా విన్నాడు. "అయ్యో, అలాగానమ్మా. మీరేం బాధపడకండి. మెయిల్ వస్తుంది, దయచేసి చూసుకోగలరు."

ఆయన గొంతులో ఎప్పటిలాగే ఏమీ తెలియలేదు. మెయిల్ రాగానే ఆమె చదవలేక ల్యాప్‌టాప్ మొగుడి ముందుకు తోసింది. అతను పైకి చదివాడు.

"మీ సహనం, మీ అంకితభావం మా అందరికీ ఎప్పటికీ ఆదర్శం. మీరు చూపిన బాటలోనే ఈ ఫోరం ముందుకు సాగుతుంది. మీలాంటివారితో కలిసి పనిచేయడం మా అదృష్టం. మీకు అన్నివిధాలా ప్రశాంతత చేకూరాలని మనసారా కోరుకుంటున్నాం."

"ఇంకేం!" అని అతను లేచి లైటు వేశాడు. "ఇంతగా పొగిడారంటే పర్మనెంట్ చేసినట్టే. నువ్వేమో పొద్దున్నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నావు."

"అంతేనంటారా?" ఆమె మొహం ఆ రోజులో మొదటిసారి కాస్త వెలిగింది. "ఆదర్శం అన్నారు కదూ? ఏదీ, ఆ ముక్క మళ్ళీ చదవండి."

అతను మళ్ళీ చదివాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, కాఫీ పెడతానని లేచింది.

మామగారు ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. వేలు పెట్టి ఒక్కో మాటా చూసుకుంటూ కిందిదాకా వెళ్ళాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయ్, కూర్చో. నిన్ను తీసేశారు."

"అలాగని ఎక్కడుంది మామయ్యగారూ?"

"ఎక్కడా లేదమ్మా. పొద్దున్నుంచి నాకు వచ్చినవి కూడా అన్నీ ఇలాగే ఉన్నాయి."