గడ్డలు లేని మండలం

ఒక పెద్ద అడవిలో, గడిచిన శ్రావణ పౌర్ణమి నాడు, వరాలమ్మ అనే అడవిపందికి అన్యాయం జరిగింది. చేసినవాళ్లు ఇప్పటికీ తిని తిరుగుతూనే ఉన్నారు గనక పేర్లు దాచాల్సిన పనేమీ లేదు.

వరాలమ్మది వాగుదిగువ మండలం. వాళ్లమ్మ తవ్విన బురదగుంటలో పొర్లి పెరిగింది. తన పిల్లల్ని కూడా అందులోనే పొర్లించి పెంచింది. నోరు మంచిది కాదని పేరు. ఆ పేరు తెచ్చుకోవడానికి ఆవిడ కష్టపడింది కూడాను.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఎవరు ఏ మట్టిలో పొర్లితే వాళ్లు ఆ మండలం వాళ్లు. ఎక్కడ పుట్టావు, తాత ఎవరు అని ఎవరూ అడగరు. ఒంటికి అంటిన మట్టి రంగు చూస్తారు, అంతే. వాగుదిగువది నల్లమట్టి. వాగు అవతల తాబేళ్ల మండలం, దానిది ఎర్రమట్టి.

వేసవిలో వరాలమ్మ దవడ కింద ఒక గడ్డ లేచింది. మొదట రేగుపండంత ఉండేది. ఆవిడ పట్టించుకోలేదు. ఉసిరికాయంత అయ్యాక వడ్రంగిపిట్ట సీతారత్నానికి చూపించుకుంది.

ఆ అడవికి వైద్యం సీతారత్నానిదే. చెట్టుని ముక్కుతో కొట్టి ఎక్కడ డొల్లో చెప్పినట్టే, ఒంటిని టకటక తట్టి లోపల గడ్డ ఉందో లేదో చెప్పేది. తన ముక్కు లాంటి ముక్కు ఏడు అడవుల్లో లేదని రోగులకి చెప్పి చెప్పి విసిగించేది.

"ఎన్నాళ్లయింది వదినా ఇది లేచి?" అంది సీతారత్నం.

"బురద కడుక్కున్న రోజుంటే చెప్పేదాన్ని."

"చేదు బెరడు నమిలితే ఇది కరుగుతుంది. నమలకపోతే నువ్వు కరుగుతావు. ఏది కావాలో చూసుకో."

చేదు బెరడు అడవి మొత్తానికీ ఒక్కచోటే ఉంది, ఏలికగారి కొట్టులో. ఏలికగారంటే సింహం. ఏ మండలంలో ఎన్ని గడ్డలుంటే, ప్రతి పౌర్ణమికీ ఆ మండలానికి అన్ని మోపుల బెరడు ఇవ్వాలని కట్టుబాటు. వరాలమ్మ రెండు మోపులు నమిలి, ఆ చేదుకి పిట్టనీ సింహాన్నీ కలిపి తిట్టింది. గడ్డ మెత్తబడింది. ఇంకో మూడు మోపులు పడితే చాలంది సీతారత్నం.

సరిగ్గా అప్పుడే ఏలికగారికి అడవి ఆరోగ్యం గుర్తుకొచ్చింది.

సభ పెట్టారు. కార్యదర్శి ధవళయ్య అనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి, ఏ మండలంలో పదిమందికి ఎన్ని గడ్డలో చెప్పాడు.

"తాబేళ్ల మండలంలో పదింట మూడు. వాగుదిగువలో కూడా పదింట మూడు. ఉసిళ్ల మండలంలో సున్నా."

నిద్రలో ఉన్న సింహం ఆ మాటకి ఒక కన్ను తెరిచింది. "సున్నానా? చూశారా, మనసుంటే చేయొచ్చు. మిగతావాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకోండి. వచ్చే కార్తీకానికి ఏ మండలంలో కొత్తగా సున్నా వస్తుందో, ఆ మండలానికి నేనే వచ్చి రాయి పాతి దండ వేస్తాను. ఆ అధ్యక్షుడికి నా గుహ పక్కన చోటిస్తాను."

వాగుదిగువ అధ్యక్షుడు గంభీరయ్య అనే నక్క. గుహ పక్కన చోటు అన్న మాట చెవిన పడగానే అతనికి నిద్ర ఎగిరిపోయింది. మర్నాడే అధ్యయనానికి బయల్దేరాడు.

ఉసిళ్ల మండలం అంటే ఒక పెద్ద పుట్ట. నక్క చేరేసరికి పొద్దువాలి, వాన వెలిసింది. పుట్టలోంచి రెక్కలు తొడుక్కుని ఉసిళ్లు గుంపులు గుంపులుగా లేస్తున్నాయి. గంభీరయ్య ఒక కుర్ర ఉసిలిని ఆపాడు.

"నాయనా, మీకు గడ్డలు రాకపోవడానికి రహస్యమేమిటి?"

"గడ్డంటే ఏంటి తాతా?"

"అబ్బా, ఎంత ఆరోగ్యం," అన్నాడు గంభీరయ్య. "పోనీ, మీ దినచర్య చెప్పు."

"ఇప్పుడే లేచాం. ఎగురుతాం. పెళ్లాడతాం. రెక్కలు రాల్చేస్తాం."

"ఆ తర్వాత?"

నక్క కిందకి చూస్తే రెక్కలు నాలుగూ పడి ఉన్నాయి, ఆసామీ లేడు. పక్కవాణ్ణి అడుగుదామంటే పక్కవాడూ అప్పటికే లేడు.

గంభీరయ్య తిరిగొచ్చి మండలాన్ని సమావేశపరిచాడు. "ఎగరడం, చిన్న వయసులో పెళ్లి. ఈ రెండే కిటుకు. రేపట్నించి తెల్లవారగానే అందరూ గెంతాలి."

"ఒరే అబ్బాయ్," అంది వరాలమ్మ, "పొద్దువాలితే పుట్టి తెల్లారేలోగా చచ్చేవాళ్లకి గడ్డ లేవడానికి తీరికెక్కడుంటుంది?"

"నీకు ప్రతిదానిలోనూ తప్పే కనిపిస్తుంది వరాలమ్మా."

సీతారత్నం కొమ్మ మీంచి అందుకుంది. "తాబేలుకి నూరేళ్లు నిండాక గడ్డ వస్తోంది. ఇక్కడ రెండేళ్లు నిండని పందిపిల్లకి వస్తోంది. అక్కడా పదింట మూడే, ఇక్కడా పదింట మూడే అని ఒకే గంప కింద మూసేస్తే ఎలాగయ్యా? ఎగువన దుమ్ములగొండి నడిపే తోళ్ల గుంటలున్నాయి, తోళ్లు ఊరబెట్టేవి. ఆ కుళ్లునీళ్లు వాగులోకి వస్తున్నాయి. ఆ నీళ్లు తాగేది మన మండలం ఒక్కటే. తాబేళ్లు ఊటనీళ్లు తాగుతారు. ఆ గుంటలు పూడ్పించు ముందు."

సభలో అందరూ నేల చూపులు చూశారు. దుమ్ములగొండి గుంటలున్నది ఏలికగారి సొంత అడవిలో. ఏలికగారు కూర్చునే తోలు ఊరింది ఆ గుంటల్లోనే.

గంభీరయ్య గొంతు సవరించుకుని కొంగ దగ్గరికి సలహాకి వెళ్లాడు. ధవళయ్య కాలు మార్చి ఆలోచించాడు.

"నేనొకటి గమనించాను అధ్యక్షా. మీ మండలంలో గడ్డలున్నాయి, వడ్రంగిపిట్ట ఉంది. ఉసిళ్ల మండలంలో గడ్డల్లేవు, వడ్రంగిపిట్టా లేదు."

"అయితే?"

"ఆవిడ తట్టిన చోటే గడ్డ బయటపడుతోంది. తట్టని చోట ఇంతవరకూ ఒక్కటీ బయటపడలేదు."

నక్క కళ్లు మెరిశాయి. తెల్లారేసరికి సీతారత్నాన్ని మండలంలోంచి వెళ్లగొట్టారు. గూడున్న చెట్టుని ఏనుగు చేత తోయించారు. ఆవిడ వాగు దాటి, ఎర్రమట్టిలో రెక్కలు దులుపుకుని, తాబేళ్ల మండలం మనిషైపోయింది.

శ్రావణ పౌర్ణమి వచ్చింది. తట్టేవాళ్లు లేరు గనక వాగుదిగువలో గడ్డలు సున్నా. గడ్డలు సున్నా గనక బెరడూ సున్నా. ఆ సంగతి తెలియని వరాలమ్మ కొట్టు దగ్గరికెళ్లి వరసలో నిలబడింది.

"వాగుదిగువకి బెరడు లేదమ్మా," అన్నాడు ధవళయ్య.

"ఎందుకు లేదు?"

"మీ దగ్గర గడ్డలు లేవు. లేని జబ్బుకి మందెందుకు?"

"మరి ఇదేంటి?" అని వరాలమ్మ మెడ ఎత్తింది. గడ్డ మళ్లీ గట్టిపడి నిమ్మకాయంత అయ్యింది.

కొంగ చటుక్కున కళ్లు మూసుకున్నాడు. "చూపించకమ్మా. చూస్తే లెక్కలోకి రాయాలి. లెక్కలోకి రాస్తే మీ అధ్యక్షుడి మనసు కష్టపడుతుంది."

"నా మెడ సంగతి?"

"నీ ఒంటికున్నది నల్లమట్టి. నల్లమట్టి మీద గడ్డలుండవు. అదే ఎర్రమట్టి అయితే తప్పకుండా ఉండేది," అన్నాడు కళ్లు మూసుకునే, ఎంతో మర్యాదగా.

ఇదీ అన్యాయం. ఆవిడ తిట్లన్నీ ఇక్కడ రాస్తే కథ పిల్లలకి చెప్పడానికి పనికిరాదు. కానీ ఇంటిదారి పట్టి నడుస్తూ ఉంటే, కొంగ ఆఖర్న అన్న మాట ఆవిడ చెవిలో తిరుగుతూనే ఉంది.

వాగు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి, వాళ్లమ్మ తవ్విన గుంట వైపు కాసేపు చూసింది. తర్వాత నీళ్లలో దిగి, నల్లమట్టి పూర్తిగా వదిలేదాకా ఒళ్లు రుద్దుకుంది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి ఆవిడ శుభ్రంగా స్నానం చెయ్యడం. అవతలి గట్టెక్కి ఎర్రమట్టిలో పొర్లింది.

తాబేళ్ల పెద్ద పాపారాయుడు నెమ్మదిగా తల బయటపెట్టాడు. "ఎవరమ్మాయ్?"

"మీ మండలం దాన్నే తాతా. ఇప్పట్నించి."

"గడ్డ ఉందా?"

"ఉంది."

"అయితే మనదానివే. మాలో బోలెడుమందికి ఉన్నాయి. ఎక్కువకాలం బతికితే వస్తాయి. నీకింత తొందరగా ఎందుకొచ్చిందో."

సీతారత్నం వచ్చి టకటక తట్టి, "గడ్డే, నేనెప్పుడో చెప్పాను," అంది. తాబేళ్ల లెక్కలో ఒకటి పెరిగింది. తర్వాతి పౌర్ణమికి ఒక మోపు పెరిగింది. వరాలమ్మ బెరడు నమిలి, ఈసారి ఎవర్నీ తిట్టలేదు.

ఆ కబురు వాగు దాటింది. గొంతులో గడ్డ ఉన్న ముసలి కోతి వచ్చి ఎర్రమట్టిలో పొర్లింది. పొదుగులో గడ్డ ఉన్న లేడి వచ్చింది. తర్వాత గడ్డ ఉందో లేదో తెలియనివాళ్లు తట్టించుకుందామని వచ్చారు. లేదని తేలినవాళ్లు ఊటనీళ్లు రుచి చూసి వెనక్కి వెళ్లలేదు.

గంభీరయ్యకి ఇదంతా పండగలా ఉంది. ఒక్కొక్కరు వెళ్తుంటే గట్టు దాకా వచ్చి సాగనంపేవాడు.

"మీరిలా సహకరిస్తుంటే మండలం బాగుపడక ఏమవుతుంది," అనేవాడు.

సభలో తాబేళ్ల మండలానికి చీవాట్లు మొదలయ్యాయి. పదింట మూడు కాస్తా పదింట ఆరైంది. మీ తిండి మంచిది కాదు, మీ నడక మంచిది కాదు, గెంతడం నేర్చుకోండి అన్నారు. పాపారాయుడు తల లోపలికి లాక్కుని అన్నీ విని, బెరడు మోపులు వీపున వేయించుకుని ఇంటికొచ్చాడు.

"ఏమన్నారు తాతా?" అంది వరాలమ్మ.

"అడవికే మచ్చ అన్నారు. మోపులు దించుకోండి."

కార్తీకం వచ్చింది. వాగుదిగువలో గంభీరయ్య ఒక్కడే మిగిలాడు. ఏలికగారు రేపు వస్తారనగా, వాగులో నీళ్లు తాగుతూ తన నీడ చూసుకున్నాడు. మెడ కింద ఏదో వేలాడుతోంది. కొన్నాళ్లుగా ఊళ వెయ్యబోతే గొంతు పట్టేస్తోంది, పని ఒత్తిడి అనుకున్నాడు.

అవతలి గట్టున వరాలమ్మ పొర్లుతోంది. ఆవిడ గడ్డ మళ్లీ రేగుపండంత అయ్యింది.

"గంభీరయ్య బావా," అంది, "మెడ ఇటు తిప్పు."

"గడ్డ కాదే. బాధ్యతలు."

"బాధ్యతలు వెలక్కాయంత ఉన్నాయి. సీతారత్నాన్ని పిలవనా?"

"ఆవిడ ఇటు రాకూడదు. నేనే వద్దన్నాను."

"అయితే నువ్వు రా. ఇక్కడ మట్టి మెత్తగా ఉంది."

"రేపు దండ వేయించుకుని వస్తాను."

"దండ ఎక్కడ వేస్తారు, తోకకా? మెడకే కదా. అప్పుడు ఏలికగారే చూస్తారు."

నక్క ఆ సంగతి ఆలోచించలేదు. పరుగున కొంగ దగ్గరికెళ్లాడు. ధవళయ్య ఒక్కసారి చూసి కళ్లు మూసుకున్నాడు.

"అధ్యక్షా, ఇప్పుడు మీ మండలంలో ఉన్నది ఎవరు?"

"నేనొక్కణ్ణే."

"గడ్డలెన్ని?"

"ఒకటి అనుకో."

"ఒకరికి ఒకటి. అంటే పదింట పది. అడవి పుట్టాక ఇంత గడ్డల మండలం ఇంకోటి లేదు."

"మరి నేను లేకపోతే?"

"సున్నా."

గంభీరయ్య తూకం వేసుకున్నాడు. గుహ పక్కన చోటు ఒకవైపు, మెడ ఒకవైపు. మండలానికి సున్నా రావాలంటే తను ఉండకూడదు. తను లేకపోతే చోటు ఎవరికి? లెక్క ఎటు వేసినా తన దగ్గరికే వచ్చి ఆగుతోంది. తెల్లారేలోగా వాగు దాటి, ఎర్రమట్టిలో పొర్లి, తోక ముడిచి కూర్చున్నాడు.

వరాలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. నాలుక చివర చాలా మాటలున్నాయి. "సీతారత్నం," అని మాత్రం కేకేసింది, "ఇదిగో ఇంకోటి. గట్టిగా తట్టు."

మర్నాడు ఏలికగారు వచ్చారు. వాగుదిగువలో చీమ చిటుక్కుమనడం లేదు.

"అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉంది," అన్నారు. "అధ్యక్షుడేడీ?"

"మండలం కోసం తనని తాను తొలగించుకున్నారు," అన్నాడు ధవళయ్య.

"త్యాగి," అన్నారు ఏలికగారు, దండ రాయికే వేశారు. దాహమేసి వాగులో కడుపునిండా నీళ్లు తాగారు. ఆ సమయానికి దుమ్ములగొండి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. గడ్డలు లేని ఆరోగ్యకరమైన నేల ఖాళీగా పడుందనీ, తోళ్ల గుంటలు ఇంకో నాలుగు తవ్వుకుంటాననీ మనవి చేశాడు. ఏలికగారు తల ఊపారు. మొదటి గుంటకి కొత్తగా తవ్వే పనే లేకపోయింది, వరాలమ్మ వాళ్లమ్మ తవ్వినది సిద్ధంగా ఉంది.

వరాలమ్మ ఎర్రమట్టి గట్టున నిలబడి అది చూసింది. నోట్లో ఉన్న బెరడు గట్టిగా నమిలింది.

నీతి: మండలం ఆరోగ్యంగా ఉండాలంటే అందులో ఎవరూ ఉండకూడదు.

నమ్మకపోతే రాయి చూసుకోండి: గడ్డలు సున్నా, జంతువులు సున్నా, కార్తీక శుద్ధ దశమి, శుక్రవారం.