చేపల ప్రాజెక్టుకు బలం

ఆ సోమవారం స్టీఫెన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే ధర్మసాగర్ అవతలి ఊరికి వెళ్ళి, అక్కడి చెరువు మీద బతికే మత్స్యకారుల చేత మద్దతు లేఖ మీద పది సంతకాలు పెట్టించుకోవాలి. సాయంత్రం ఐదులోగా దాన్ని పరిశోధన గ్రాంటు దరఖాస్తుకు జతచేసి పంపాలి. అతను హనుమకొండలోని ఓ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. గ్రాంటు వస్తేనే జూన్ తర్వాత కొలువు ఉంటుంది. "అవసరాన్ని బలంగా చూపలేదు" అన్న ఒక్క ముక్కతో ఆ దరఖాస్తు ఇప్పటికి రెండుసార్లు తిరిగొచ్చింది.

ఈసారి బలాన్ని డిపార్ట్‌మెంట్ హెడ్డు రాజేశ్వర్ రావు కుర్చీలోంచి లేవకుండానే అందించాడు. "చేపల్ల సీసం ఉన్నదో లేదో చూస్తం అంటే ఎవడిస్తడయ్యా గ్రాంటు? ఉన్నది, జనం తింటాండ్రు అని రాయి."

అది తేల్చే మిషను లేకనే కదా గ్రాంటు అడుగుతున్నది అన్న మాట స్టీఫెన్ నోటిదాకా వచ్చింది. కొలువు గుర్తొచ్చి మింగేశాడు. దరఖాస్తులోనూ, మద్దతు లేఖలోనూ హెడ్డు చెప్పిందే రాశాడు.

చెరువు గట్టు మీద మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు కట్టయ్య ఆ లేఖను చదవనివ్వలేదు. "అవన్ని మాకెందుకు సారు, ఆధార్ జిరాక్సులు ఎన్ని తేవాలె?"

"ఆధార్ వద్దు కట్టయ్యన్నా, సంతకం చాలు."

"వద్దంటాండంటే పెద్ద పథకమే ఉంటది" అంది పక్కనున్న అతని భార్య యాకమ్మ.

గంటలో నూట నలభై మంది వరుస కట్టారు. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. సంతకాలు ఎక్కువైతే బలమూ ఎక్కువే కదా అని స్టీఫెన్ ఊరుకున్నాడు.

లిస్టులో పేరు పడిందని చూపించుకోవడానికి ఎవరో లేఖను ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. పరకాలలో ఓ బంధువు దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. చీకటి పడేసరికి వరంగల్ అంతా చదివింది. చేపలు పట్టేవాళ్ళే సంతకాలు పెట్టి మరీ చెబుతుంటే కాదనేదెవరు? మర్నాటి నుంచి ఆ చెరువు చేపను కొనే నాథుడు లేడు. మూడు వారాలు గంపల్లోనే కుళ్ళాయి. కట్టయ్య పెద్దకొడుకు కూలిపనికి హైదరాబాద్ బస్సెక్కాడు.

యాకమ్మ చేపల గంపతో కాలేజీకే వచ్చింది. అరవలేదు. "మా ఏలిముద్రలతోనే మా నోట్ల మన్ను కొట్టినవు గద సారు" అని గంప బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. స్టీఫెన్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ చేపలనే మంచులో పెట్టి హైదరాబాద్ ల్యాబుకు మోసుకుపోయాడు. సీసం లేదని తేలింది. ఆ రిపోర్టును చేపల మార్కెట్ గోడకు అంటించాడు. సంతకాల వరుస లేని కాగితం కాబట్టి ఎవరూ చదవలేదు. దరఖాస్తును వెనక్కి తీసుకున్నాడు. జూన్‌లో కొలువు పోయింది.

దసరా లోపు గ్రాంటు వచ్చింది, రాజేశ్వర్ రావుకు. అంశం, పుకార్ల వల్ల మత్స్యకారులకు జరిగిన నష్టం. అవసరాన్ని ఎంతో బలంగా చూపారని మెచ్చుకున్నారు కూడా. ఊరు తెలిసినవాడు కదా అని, సంతకాలు సేకరించే పని ఆయన స్టీఫెన్‌కు ఇప్పించాడు. వేరే దారి లేక స్టీఫెన్ ఒప్పుకున్నాడు.

గట్టు మీద కట్టయ్య అతని చేతిలోని కాగితాన్ని చాలాసేపు చూశాడు. "ఈసారి జర ముందుగాల చదువు సారు."

స్టీఫెన్ గొంతు సవరించుకునేలోగా, ఆధార్ జిరాక్సులతో వరుస మొదలైంది.