మా కాలనీ ఎముకలకొక మేనేజరు

ఆరోగ్యంగా ఉండటమంత అనాగరికమైన పని లోకంలో మరొకటి లేదు!

కోప్పడకండి. నేనూ మొన్నమొన్నటిదాకా మీలాగే ఏ రోగమూ లేకుండా, సిగ్గు లేకుండా తిరిగినవాణ్ణే. మల్కాజ్‌గిరిలో మా కాలనీ మొత్తం అంతే. జలుబు చేస్తే మిరియాల చారు, కాలు బెణికితే కొబ్బరినూనె. అదీ ఒక బతుకేనా? నలుగురిలో కూర్చున్నప్పుడు చెప్పుకోవడానికి ఒక్క టాబ్లెట్ పేరైనా ఉండొద్దూ?

అటువంటి మమ్మల్ని ఉద్ధరించడానికి మా పై పోర్షన్లోకి విజయేందర్ అద్దెకు దిగాడు. ఒక మందుల కంపెనీలో ఏరియా మేనేజరు. కంపెనీ పేరు చెప్పను. చెబితే ఉచిత ప్రచారం అవుతుంది. ఉచితంగా ఏదీ చెయ్యకూడదన్నది నేను అతని దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం.

మనిషి మంచివాడు. మే నెల ఎండలో కూడా టై విప్పడు. ఎవరెదురైనా నవ్వుతాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే గేటు దగ్గర పట్టుకున్నాడు.

"అంకుల్, వచ్చే సండే మన కమ్యూనిటీ హాల్ల ఫ్రీ బోన్ క్యాంప్ పెడుతున్నం. జెర మీరు సుత రావాలె. అమ్మమ్మను తప్పకుండ తోల్కరండ్రి."

అమ్మమ్మ అంటే మా అత్తగారు రోసమ్మగారు. గుంటూరు వైపు మిషన్ స్కూల్లో టీచరుగా రిటైరై మా దగ్గర ఉంటున్నారు. డెబ్బై ఏళ్ళు. పొద్దున్నే మంచం పక్కన మోకరించి అరగంట ప్రార్థన చేస్తారు. తర్వాత చేపల మార్కెట్‌కు నడిచి వెళ్ళి బేరం చేస్తారు. ప్రార్థన కంటే బేరమే పొడుగు.

"ఫ్రీ అంటున్నాడుగా అల్లుడుగారూ, పోయొద్దాం పదండి" అన్నారు. పాపం, ఆమెకేం తెలుసు, ఫ్రీ అన్న మాటంత ఖరీదైనది డిక్షనరీలో లేదని!

క్యాంపు వైభవం ఏమని చెప్పను! షామియానా, ఫ్లెక్సీ, సమోసాలు, చల్లటి మజ్జిగ. మధ్యలో టేబుల్ మీద ఒక చిన్న మిషన్. దాంట్లో మడమ పెడితే పచ్చ, పసుపు, ఎరుపు లైట్లలో ఒకటి వెలుగుతుంది. పక్కనే రెజిమెంటల్ బజార్‌లో క్లినిక్ నడిపే డాక్టరుగారు. ఆయన అంతకుముందు నెలలోనే కంపెనీ ఖర్చుతో ఎముకల మీద సదస్సుకని సకుటుంబంగా బ్యాంకాక్ వెళ్ళొచ్చారు. ఎముకల గురించి లోతుగా ఆలోచించాలంటే సముద్రపు ఒడ్డున ఇసుకలో పడుకోవాలట. నిలబడి ఆలోచిస్తే ఎముకలకు శ్రమ కదా!

లైట్లు వెలగడం షురూ అయింది. ఎరుపు. ఎరుపు. మళ్ళీ ఎరుపు! మా కాలనీలో పచ్చదనం లేదని ఇన్నాళ్ళూ మున్సిపాలిటీని తిట్టుకునేవాళ్ళం. ఆ మిషన్లోనూ లేదు.

వాటర్ క్యాన్లు వేసే పర్వతాలు సమోసా కోసం వచ్చాడు. భుజానికొక క్యాన్ వేసుకుని మూడంతస్తులు ఎక్కే మనిషి. మర్యాదగా వాడి మడమ కూడా పెట్టించారు. ఎరుపు!

"గీ ఎముకలతోనేనా సార్ నేను రోజు క్యాన్లు మోస్తున్న?" అని వాడు అక్కడే కూలబడ్డాడు. మర్నాటి నుంచి మా క్యాన్లు గేటు దగ్గరే దించేస్తున్నాడు. నేను మోసుకుంటున్నాను. ఈ వయసులో నాకు వ్యాయామం పెట్టిన ఘనత ఎవరిదంటారు?

మా అత్తగారి వంతు వచ్చింది. ఎరుపు వెలగడమే కాదు, మిషన్ కుయ్యిమంది కూడా. డాక్టరుగారు ఆమె ముఖంలోకి చూడకుండా రాశారు: పొద్దున ఒక గోలీ, రాత్రి ఒకటి, వారానికొక పొడి ప్యాకెట్. మందు అందరికీ ఒకటే, విజయేందర్ కంపెనీది; అది మాత్రం ఫ్రీ కాదు. సోషలిజం రాలేదని బాధపడేవాళ్ళు మా కమ్యూనిటీ హాలుకు వచ్చి చూడాల్సింది.

"జాగ్రత్తమ్మా! ఎముకలు గుల్లబారిపోయాయి. జారితే అంతే. వంగొద్దు, మెట్లెక్కొద్దు" అన్నారాయన.

అక్కణ్ణుంచి మా ఇంట్లో నాగరికత మొదలైంది.

మా అత్తగారు కుర్చీలో కూర్చున్నారు. మార్కెట్‌కు వెళ్ళడం మానేశారు. చేపలవాడు ధర పెంచేశాడు, అడిగేవాళ్ళు లేక. చర్చికి పోవాలంటే ఆటో, ఆటో ఎక్కాలంటే నేనొక పక్క, మా ఆవిడ ప్రిసిల్లా ఒక పక్క. మంచం పక్కన మోకరించడం కూడా మానేశారు. కుర్చీలోనే కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నగా పెదవులు కదిపేవారు.

"అమ్మ అట్లా కూర్చుంటే నాకు భయమేస్తోందండీ" అంది ప్రిసిల్లా.

"భయమెందుకు? వైద్యం జరుగుతోంది" అన్నాను.

నాలుగు నెలలు జరిగింది వైద్యం. కుర్చీలో కూర్చుని కూర్చుని ఆమె కాళ్ళు సన్నబడ్డాయి. లేస్తే వణుకు, నాలుగడుగులకు ఆయాసం. ఒకరోజు బాత్రూం గుమ్మం దగ్గర తూలి గోడ పట్టుకున్నారు. చూశారా డాక్టరుగారి ముందుచూపు! మామూలు డాక్టర్లు రోగం వచ్చాక మందిస్తారు. ఈయన ముందు మందిచ్చి, దానికి తగిన రోగం వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూశారు!

ఇంతలో రెండో క్యాంపు వచ్చింది. పోయినసారి ఎర్ర లైటు వచ్చినవాళ్ళకు మళ్ళీ పరీక్ష. మా అత్తగారిని కుర్చీతో సహా మోసుకెళ్ళి ముందు వరసలో దించాం. కొడుకు వైభవం చూడాలని విజయేందర్ వాళ్ళమ్మ బాలమ్మ కూడా కాప్రా నుంచి వచ్చింది. పెద్దకొడుకు దగ్గర ఉంటుందట. వచ్చి మా అత్తగారి పక్కనే కూర్చుంది. ఇద్దరూ రెండు నిమిషాల్లో మాటల్లో పడ్డారు.

బాలమ్మ పేరు కూడా పిలిచారు. ఆమె చెప్పు విప్పి మిషన్ వైపు కాలు చాపింది. అంతే! హాలు అవతల ఎవరితోనో మాట్లాడుతున్న విజయేందర్ కుర్చీలు తోసుకుంటూ పరుగున వచ్చాడు.

"అమ్మా, నువ్ లే! నీకెందుకే గిది?"

"అందరు పెట్టుకుంటుండ్రు గద బిడ్డా! ఫ్రీనే గద!"

"నీకేం కాలే. రోజు చెరువు దిక్కు తిరుగుతవ్, జొన్నరొట్టె తింటవ్. మంచిగున్నవ్. ఈ గోలీలు షురూ చేస్తే మళ్ళ బంద్ చెయ్యనియ్యరు. లే అంటున్న గద!"

తల్లి మీద ప్రేమతో కాస్త గట్టిగా అన్నాడు. ముందు వరసంతా విన్నది. మజ్జిగ గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి.

మా అత్తగారు మెల్లగా అడిగారు. "ఏమయ్యా విజయేందర్, మీ అమ్మగారి వయసెంత?"

"డెబ్బై రెండు, అమ్మమ్మా."

"నాకంటే పెద్దావిడే. మరి ఆ చెరువు సంగతి నాకెందుకు చెప్పలేదు నాయనా?"

అతను టై ముడి వదులు చేసుకున్నాడు. ఆ ముడి వదులవడం నేను అదే మొదటిసారి చూడటం.

జవాబు బాలమ్మ చెప్పింది, నోటితో కాదు. "లే చెల్లే" అని చెయ్యి అందించింది. మా అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని లేచారు. వణికారు, నిలబడ్డారు. "కుర్చీ మీరు తెచ్చుకోండి అల్లుడుగారూ" అని ఇంటిదాకా నడిచారు. దారిలో ఆగుతూ, గోడలు పట్టుకుంటూ, ఆగినప్పుడల్లా బాలమ్మతో నవ్వుతూ. వెనక నేను కుర్చీ మోసుకుంటూ, ప్రిసిల్లా కళ్ళు తుడుచుకుంటూ.

తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి సరైన స్కాన్ తీయించాం. అక్కడి డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఎముకలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. ఈ మందులు మీకక్కర్లేదు. నడవండి, పాలు తాగండి, చేపలు తినండి" అంది. చేపలన్న మాట వినగానే మా అత్తగారి మొహం వెలిగిపోయింది. మార్కెట్లో చేపలవాడి మొహం మాత్రం ఆ వారంలోనే వాడిపోయింది.

అంతకుముందే, ఆ రెండో క్యాంపు జరిగిన సాయంత్రమే విజయేందర్ మా గుమ్మంలో నిలబడ్డాడు. మెడలో టై లేదు.

"తప్పయింది అమ్మమ్మా. పైనుంచి టార్గెట్ ఉంటది. చెయ్యకపోతే నౌకరీ ఉండదు. పరేషాన్‌ల ఏం చేస్తున్ననో నాకే తెలుస్తలేదు."

మా అత్తగారు తిడతారనుకున్నాను. పీట వేసి, కంచంలో అన్నం పెట్టి, పులుసు పోశారు.

"తిను ముందు. అవునూ, నీకు టార్గెట్ పెట్టిన ఆ పైనాయనకు తల్లి లేదా?"

"ఉన్నది అమ్మమ్మా. ముంబైల ఉంటది." అతను తల వంచుకుని ముద్ద కలుపుతూ అన్నాడు. "మా కంపెనీ గోలీలు ఆమెకు మా సారే ఇయ్యనియ్యడట."

పాఠకులారా, ఇప్పుడు చెప్పండి, ఇంతకంటే ఘోరం ఉంటుందా? ఊళ్ళో ఉన్న ముసలమ్మలందరికీ షామియానాలు వేసి, సమోసాలు పెట్టి సేవ చేసే ఈ మహానుభావులు కన్నతల్లులను మాత్రం ఇంత నిర్లక్ష్యం చేస్తారా? ఒక్క ఎర్ర లైటుకు కూడా నోచుకోలేదే ఆ తల్లులు! ఒక్క పొడి ప్యాకెట్ ఎరగరే! వాళ్ళ ఖర్మానికి వాళ్ళను నడవమని, జొన్నరొట్టెలు తినమని గాలికొదిలేస్తారా?

ఈ అమానుషాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. అయితే ఖండిస్తూనే ఒక చిన్న విన్నపం కూడా చేసుకుంటున్నాను.

అయ్యా, మందుల కంపెనీల మేనేజర్లూ! మీ అమ్మలను చూసుకున్నంత అశ్రద్ధగా మమ్మల్నీ చూసుకోండి. బతికిపోతాం.