మా ఆయన కట్టిన ఆకు పొట్లాలు

మా ఇంట్లో ఎవరి మాటా ఎవరూ వినరు కాబట్టి, పెద్ద విషయాలు నూకాలమ్మ తల్లికి వదిలేయడం మా అత్తగారి హయాం నుంచీ ఉన్న పద్ధతి. ఈ జూన్‌లో ఆ తల్లిని కూడా తన పార్టీలోకి లాగేద్దామని మా ఆయనకి బుద్ధి పుట్టింది.

కారణం మా అమ్మాయి నీలవేణి. ఇంటర్ అవగానే, విశాఖలో ఒక కాలేజీలో మతాల అధ్యయనం మేజర్‌గా డిగ్రీ చదువుతానంది.

"మతాలేటే, మేజరేటే," అన్నారు మా ఆయన త్రినాథ్ గారు. ఆయనకి నెల్లిమర్లలో స్కూటర్ విడిభాగాల షాపుంది. ఏ వస్తువైనా ఏ బండికి పడుతుందో చెబితేగానీ ఆయన బుర్రకెక్కదు.

"మన రామతీర్థమే చూడండి నాన్నా. ఒక కొండ మీద బౌద్ధుల ఇటుకలు, ఇంకో కొండ మీద జైనుల గుహ, కింద రాముడి గుడి. ఎవరు ముందొచ్చారు, ఎవరు ఎవరికి జరిగి చోటిచ్చారు, జనం ఎలా సర్దుకున్నారు, అవన్నీ చదువుతాం."

"సదివి పూజారివవుతావేటి?"

"దేవుణ్ణి నమ్మడం నేర్పరు నాన్నా. మనుషులు ఎలా నమ్ముతారో, ఎందుకు నమ్ముతారో నేర్పుతారు."

"అది నాకు తెల్దేటి? దానికి మళ్లీ కాలేజీ ఎందుకు?"

"తెలిస్తే డిగ్రీ మీరే ఇచ్చేయండి," అన్నాను, కందిపప్పు ఏరుతూ.

"నువ్వుండవే. బీఏ సదివి నువ్వేటి సేస్తన్నావు? పప్పేరుతన్నావు."

"శుభ్రంగా ఏరుతున్నాను కదా. ఇన్నేళ్లలో మీ పంటికి ఒక్క రాయైనా తగిలిందా?"

ఆయనది బీకాం పక్షం. రెండు వారాలు అరిచారు. పిల్ల కదల్లేదు. ఒకరోజు ఉన్నట్టుండి మెత్తబడి, "సరే, అమ్మోరినే అడుగుదాం. తల్లి ఏటంటే అదే," అన్నారు. మా ఆయన అరుస్తున్నంతసేపూ నాకు భయం లేదు. మెత్తబడ్డారంటే మాత్రం ఏదో వండుతున్నారన్నమాట.

ప్రశ్న పెట్టడం మా వైపు పెద్ద తంతేమీ కాదు. ఒక ఆకులో తెల్ల నందివర్ధనం, ఇంకో ఆకులో ఎర్ర మందారం పొట్లాలు కట్టి తల్లి పాదాల దగ్గర పెడతారు. అడిగి, కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. తెల్లదొస్తే అవును, ఎర్రదొస్తే కాదు. పొట్లాలు కట్టేది ఇంటి యజమాని.

ఆదివారం పొద్దున్నే మా యజమాని పెరట్లోకి వెళ్లారు. మందార మొక్క దగ్గర చాలాసేపు ఉన్నారు. నందివర్ధనం వైపు తల కూడా తిప్పలేదు. వంటింటి కిటికీ దేవుడిచ్చిన వరం.

మా అమ్మాయికి జడ వేస్తూ, "అమ్మవారు ఇవాళ దేనికైనా కాదనేలా ఉన్నారే. అడిగేటప్పుడు కాస్త చూసుకుని అడుగు," అన్నానంతే.

గుడిలో పూజారి దాలయ్య పసుపునీళ్లు చల్లి, "అడగండి," అన్నాడు. మా ఆయన గొంతు సవరించుకునేలోపు మా అత్తగారు సుభద్రమ్మ గారు ముందుకి జరిగిపోయారు.

"అమ్మా తల్లీ, నా కంటికి శుక్లం వొచ్చినాది. నా కొడుకు ఆపరేసను, ఆపరేసను అని పేణం తోడేస్తన్నాడు. సేయించుకోమంటావా?"

మా ఆయన మొహం తెల్లబడింది. ఆ రోజు అక్కడ తెల్లగా ఉన్నది అదొక్కటే.

పొట్లం విప్పితే ఎర్ర మందారం.

"సూసేవేటిరా, తల్లే వొద్దన్నాది," అన్నారు అత్తగారు, పెళ్లికూతురిలా వెలిగిపోతూ. గుమ్మమనుకుని బీరువాకి గుద్దుకున్న నాటి నుంచి కొడుకు బతిమాలుతుంటే తప్పించుకుంటున్న మనిషి.

"ఇంకోపాలి అడగమ్మా. తల్లికి సరిగ్గా వినపడ్నేదు."

"అమ్మోరికి సెవుడేటిరా?"

అయినా మళ్లీ చుట్టి, కలిపి, మళ్లీ అడిగారు. మళ్లీ ఎర్రదే.

"మాట మీద నిలబడిపోనాది తల్లి," అన్నాడు దాలయ్య.

మా ఆయన చెమట తుడుచుకుంటూ, "పిల్లది నేనడుగుతాను," అన్నారు.

"అలాగవదు బాబూ. సదివీది పాప. పాపే అడగాల."

నీలవేణి చేతులు జోడించింది. "అమ్మా, నన్ను బీకాంలో చేరమంటావా?"

మా ఆయన చెయ్యి అడ్డం పెట్టేలోపే పిల్ల కళ్లు మూసుకుని ఒకటి తీసేసింది. పొట్లం విప్పారు. ఎర్రదే.

"బీకాం వొద్దంతంది," అన్నాడు దాలయ్య, తనకెందుకో తెలియకపోయినా తృప్తిగా.

బీకాం పోయిందని కాదుగానీ, ఆయన వాళ్లమ్మ శుక్లం కంటి వైపు చూశారు. సన్నగా, "దాలయ్యా, ఆ రెండోది కూడా ఇప్పు," అన్నారు.

అందులోనూ మందారమే.

"ఎవుడు కట్టేడ్రా ఇవి?" అన్నారు అత్తగారు.

"నేనేనమ్మా. తల్లి ఏటీ సెప్పనేదు. ఆపరేసన్‌కి రా."

అత్తగారు కేకలేస్తారనుకున్నాను. ఆవిడ తాపీగా స్తంభానికి చేరగిలబడ్డారు. "వొస్తాను. ముందు పిల్లని దానికి నచ్చిన సదువులో సేర్సు. అది విశాఖ బస్సెక్కిన మర్నాడు నేను ఆస్పత్రి మంచమెక్కుతాను. నేదంటావా, ఎర్ర పువ్వు ఎర్ర పువ్వే."

నీలవేణి తండ్రి పక్కన కూర్చుంది. "నా మాట మీరు వినలేదు, మీ మాట నేను వినలేదు. ఆకు పొట్లం చెబితే నేను వింటానని మీకెలా తెలుసు నాన్నా?"

"అందరూ వింటారు కదే."

"ఎందుకు వింటారో, అదే నేను చదవబోయేది."

ఆయన విప్పిన ఆకులు మళ్లీ మడిచారు. "మరి ఆ ముక్క ముందే సెప్పాల కదా," అన్నారు.

వారం తిరక్కుండా ముగ్గురం విశాఖ వెళ్లాం. కాలేజీలో మతాల అధ్యయన శాఖకి పెద్ద రాజకుమారి మేడమ్, "చాలామంది తండ్రులు ఈ మేజర్ వద్దంటారు. మీరెలా ఒప్పుకున్నారండీ?" అని అడిగారు.

మా ఆయన ఛాతీ పొంగించి, "బీకాం గురించి అమ్మోరిని అడిగాం మేడమ్. వద్దన్నారు," అన్నారు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మేడమ్ కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఎలా అడుగుతారు? వివరంగా చెప్పండి."

ఆయన మొదలుపెట్టారు. ఏ ఆకులు, ఏ పువ్వులు, ముందెవరు, వెనకెవరు, అన్నీ వర్ణించారు. పెళ్లయ్యాక ఆయన చెప్పింది ఒకళ్లు అంత శ్రద్ధగా వినగా నేను చూడటం అదే మొదలు.

"చాలా బావుంది. ఇంతకీ ఆ పొట్లాల్లో ఏ పువ్వుందో పైకి తెలియదు కదా. సరిగ్గా కట్టారని ఎవరు చూస్తారు?" అన్నారు మేడమ్.

మా ఆయన నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

మా అమ్మాయి పెన్ను మూత తీసింది.