అత్తగారి చెవిలో గుడ్డిపాము

నాగుల చవితి పొద్దున్న సుబ్రహ్మణ్యేశ్వరరావు పథకం చాలా చిన్నది. పుట్టలో పాలు పోయాలి, గుప్పెడు పుట్టమన్ను తెచ్చి ఇంటిల్లిపాది చెవులకూ రాయాలి, చిమ్మిలి తిని పడుకోవాలి. కొత్తపేటలో అత్తగారింట ఇల్లరికం ఉంటున్న మనిషికి అంతకన్నా పెద్ద పథకాలు అచ్చిరావు.

అత్తగారు సీతారత్నానికి పదేళ్లుగా చెవుడు. అతనికి అదే శ్రీరామరక్ష. ఆవిడ ఏ పని పురమాయించినా "ఆయ్, అలాగేనండి అత్తయ్యగారూ!" అని గట్టిగా అరిచి, వెంటనే మీసాల చాటున ఓ తిట్టు గొణుక్కునేవాడు. ఆ గొణుగుడే లేకపోతే ఎప్పుడో సన్యాసుల్లో కలిసిపోయేవాడు.

"బాగా రాయండి అల్లుడుగారూ, ఈ ఏడైనా చెవి తెరుచుకుంటుందేమో!" అంది ఆవిడ.

"తెరుచుకుంటే నా కొంప మునుగుద్ది, రాక్షసీ" అని గొణిగి, చెవికి మన్ను అద్దాడు.

రుమాల్లో మిగిలిన మన్ను కదిలింది. నల్లగా, జానెడు పురికొసలా ఏదో మెరిసింది. వానపామే అనుకున్నాడు. అది బుల్లి నాలుక బయటపెట్టింది.

"ఓరి నాయనో, పాము!"

రుమాలు గాల్లోకి లేచింది. మన్నంతా అత్తగారి నెత్తిన పడింది. పాము మాత్రం ఎక్కడా కనిపించలేదు.

పక్కింటి అబ్బులు గోడమీంచి తొంగిచూశాడు. "అది గుడ్డిపామండీ బాబూ! పుట్టల్లో చీమల గుడ్లు తినే రకం. కళ్లు కనపడవు కదండీ, కన్నం దొరికితే చాలు దూరిపోద్ది."

అందరూ సీతారత్నం చెవివైపు చూశారు.

భార్య రామలక్ష్మి గుండెలు బాదుకుంది. "మా అమ్మ చెవిలోకి పాముని తోలేరా! అమ్మకేమైనా అయిందో, మళ్లీ ఈ గడప తొక్కనివ్వను మిమ్మల్ని!"

వాసనకి పాము బయటికొస్తుందని ఎదురింటి వీరదుర్గ చెవి దగ్గర పాలగ్లాసు పట్టింది. తీర్థమనుకుని సీతారత్నం అవి గటగటా తాగేసింది. ఆవిణ్ణి ఆటో ఎక్కించారు. ఆటో వీధి చివరికి చేరేసరికి జనం నోట అది తాచుపామైంది. అమలాపురం చేరేసరికి రెండు చెవుల్లోనూ ఉందని ఫోన్లు వచ్చాయి.

చెవి డాక్టరు లైటు వేసి చూసి, గోరువెచ్చని నీళ్లు కొట్టి, నల్లటి ఉండలు రెండు పళ్లెంలో పడేశాడు. "పామూ లేదు, గీమూ లేదండీ. పదేళ్ల గుబిలి."

అంతలో అబ్బులు ఫోను. "దొరికిందండోయ్! మీ తులసికోట మట్టిలోకి దూరిపోతోందండి."

పోయిన ప్రాణం లేచొచ్చింది సుబ్రహ్మణ్యేశ్వరరావుకి. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, అలవాటు కొద్దీ మీసాల చాటున గొణిగాడు. "ఈ ముసల్దాని చెవిలో దూరే తెలివితక్కువ పాము ఎక్కడుంటుంది!"

సీతారత్నం మెల్లగా ఇటు తిరిగింది.

"పదేళ్లుగా మీ మీసాలు కదుల్తుంటే జపం చేసుకుంటున్నారనుకున్నానండి, అల్లుడుగారూ."

తిరుగు దారిలో కనిపించిన ప్రతి పుట్టలోనూ ఓ మనిషి పట్టేంత చోటుందా అని అతను చూస్తూ వచ్చాడు.